పెట్టు, పెట్టకు

నా క్లాసులో ఆరుగురే పిల్లలు. అందరికీ ఆరేడేళ్ళు, అందరికీ మాటలు ఆలస్యం. చెవులు వినిపిస్తాయి, బుర్రలు పాదరసం, కానీ మాట మాత్రం గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు మాది మూగపిల్లల క్లాసు అంటారు. మొదట్లో అలా అన్నవాళ్ళతో పోట్లాడేదాన్ని. పదకొండేళ్ళయ్యాక ఓపిక సన్నగిల్లి, "ఒక్క పూట వచ్చి కూర్చోండి, ఎంత మూగో మీ చెవులకే తెలుస్తుంది" అని వదిలేస్తున్నాను.

ఆ ఆరుగురిలో ఒక పాపని వాళ్ళ నాయనమ్మ పిచ్చుక అని పిలుస్తుంది. మేమూ అలాగే పిలుస్తాం. తల్లీ తండ్రీ షిఫ్టుల్లో పనిచేస్తారు కాబట్టి పాపని పెంచేదంతా ఆ నాయనమ్మే. నా దగ్గరికి వచ్చిన రోజున పిచ్చుక నోట్లో ఉన్నవి మూడే మాటలు. అమ్మ, నీళ్ళు, పో. 'అమ్మ' నాయనమ్మకి, 'నీళ్ళు' తాగేవాటన్నిటికీ, 'పో' మిగతా ప్రపంచానికంతటికీ.

ఆ పాపకి మాట నేర్పడానికి నేను పట్టుకున్న దారి తిండి. మా పనిలో అది మామూలే. పిల్లలకి నిజంగా ఏది కావాలో దాని చుట్టూనే మాటని తిప్పాలి. బిస్కెట్టు పట్టుకుని "నీకు కావాలా?" అంటాను. చెయ్యి చాపితే ఇస్తాను. తర్వాత బిస్కెట్టు పాప చేతిలో పెట్టి నేను చెయ్యి చాపుతాను, తను అడిగేదాకా ఎదురు చూస్తాను. రోజుకి ఇరవైసార్లు, ఎనిమిది నెలలు. నాకు కలలో కూడా బిస్కెట్లే. ఒక రోజు పొద్దున్న, నేను ఆశ వదిలేసి కిటికీ వైపు చూస్తుంటే, నా మోచేతిని ఎవరో పొడిచారు. తిరిగి చూస్తే పిచ్చుక, చేతిలో సగం కొరికిన బిస్కెట్టు.

"నీకావాలా?"

ఆ ఎంగిలి బిస్కెట్టుని నేను ఏడుస్తూ తిన్నాను.

ఇక అప్పట్నుంచి పిచ్చుకకి పట్టపగ్గాల్లేవు. ఆయాని అడిగేది, పక్క బల్ల దగ్గరి కవలలని అడిగేది, ఫ్యాను బాగుచేయడానికి నిచ్చెనెక్కిన ఎలక్ట్రీషియన్ని కింద నిలబడి అడిగేది. ఆయన ఒక చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని రెండో చేత్తో ద్రాక్షపండు అందుకున్నాడు. పిచ్చుక ఎవరికి ఏం పెట్టినా "పెట్టు, పెట్టు" అని చప్పట్లు కొట్టింది నేనే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

క్లాసులో ఇంకొక బాబు ఉన్నాడు. వాడికి డ్రైవరని పేరు పెట్టింది ఆయా. చేతికి పళ్ళెం దొరికితే స్టీరింగు, మూత దొరికితే స్టీరింగు. వాడికొచ్చిన మాటలన్నీ బండికి సంబంధించినవే. బ్రేకు, హారను, ఎక్కు, దిగు, రైట్ రైట్. వాళ్ళమ్మ టైలరు. వాడికి పల్లీలు పడవు. ఊరికే దురద పెట్టడం కాదు, నోట్లో చిన్న ముక్క పడినా గొంతు మూసుకుపోతుంది. ఆ సంగతి వాడి ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంది. నేను చదివాను. సంతకం కూడా పెట్టాను.

ఆ మంగళవారం పదకొండు గంటలకి చిరుతిండి వేళ. ఆయా కుళాయి దగ్గర కవలల చేతులు కడిగిస్తోంది. నేను బీరువా పక్కన నిలబడి హాజరు రిజిస్టరు నింపుతున్నాను. వెనకనించి డ్రైవరు గొంతు వినబడింది.

"బ్రేకు... బ్రేకు..."

నేను తలెత్తలేదు. "బ్రేకు వేశావా నాన్నా? శభాష్!" అన్నాను.

"బ్రేకు," అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు గరగరలాడింది. తిరిగి చూశాను. రెండు చేతులతో మెడ పట్టుకుని ఉన్నాడు. పెదాలు ఉబ్బి నల్లబడుతున్నాయి. ఎదురుగా పిచ్చుక, చేతిలో పల్లీల బిస్కెట్ల పొట్లం, ముఖం నిండా నవ్వు. పెట్టింది కదా, నా చప్పట్ల కోసం చూస్తోంది.

అలాంటప్పుడు తొడకి వేయాల్సిన ఇంజెక్షను స్కూల్లో ఉంది. ఆఫీసు గదిలో, అద్దాల బీరువాలో. తాళంచెవి మాత్రం హెడ్‌మిస్ట్రెస్ గారి బ్యాగులో, బ్యాగు ఆవిడతోపాటు ఏదో మీటింగులో. నేను పరిగెత్తుకెళ్ళి ఆ బీరువా తలుపుని గుంజుతున్నాను, పిచ్చిదానిలా. ఆయా నన్ను పక్కకి తోసి, చేతిలోని స్టీలు చెంబుతో అద్దం మీద ఒక్కటేసింది. నాకు ట్రైనింగులో నేర్పినట్టే ఇంజెక్షను వేశాను. అంబులెన్సు వచ్చేసరికి వాడికి ఊపిరి కొంచెం అందుతోంది. ఆయా చేతికి నాలుగు కుట్లు పడ్డాయి.

బాబు బతికాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. సాయంత్రం చూడటానికి వెళ్తే వాళ్ళమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, కుడుతున్న బట్ట వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టుంది. నేను పక్కన కూర్చోబోతే లేచి నిలబడింది.

"ఏమనాలో తెలీటం లేదమ్మా నాకు," అన్నాను.

"మావాడికి మాటలు రావు టీచర్. మీకు వచ్చుగా!" అంది.

గట్టిగా కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు తోశారు. పిచ్చుక నాయనమ్మకి ఉత్తరం. "మీ మనవరాలు నిర్లక్ష్యంగా సాటి విద్యార్థికి హానికరమైన ఆహారం ఇచ్చినందున" అని మొదలైంది. కింద నా సంతకానికి ఖాళీ.

"ఆరేళ్ళ పిల్లకి నిర్లక్ష్యమేంటి మేడమ్?"

"ఆ ఫార్మాటే అంత. సంతకం పెట్టండి."

"అయితే ఆ ఖాళీలో నా పేరు రాయండి. పెట్టమని నేర్పింది నేను. ఆరడుగుల దూరంలో నిలబడి రిజిస్టరు రాసుకుంటున్నది నేను. తాళంచెవి బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది మాత్రం నేను కాదు."

ఆఖరి మాట నోరు జారి వచ్చింది. ఆవిడ కాగితాన్ని మెల్లగా వెనక్కి లాక్కుని సొరుగులో పెట్టేశారు. ఉత్తరం వెళ్ళలేదు. కానీ మధ్యాహ్నానికి పోస్టరు వచ్చింది.

పోస్టరులో రెండు చిన్న చేతులు, మధ్యలో ఒక యాపిల్, దాని మీద అడ్డంగా ఎర్రటి గీత. కింద మూడు వరసల నీతివాక్యం. "నా పిల్లలకి చదవడం రాదు మేడమ్" అంటే, "బొమ్మ ఉందిగా, చూస్తారు" అన్నారు.

చూశారు. ఏ మాట విన్నా తిరిగి అప్పజెప్పే బాబు ఒకడున్నాడు, వాణ్ణి రేడియో అంటాం. వాడు పోస్టరు ముందు నిలబడి "యాపిల్! యాపిల్!" అని గంతులు వేశాడు. కవలలు అంత తేలిగ్గా తీసుకోలేదు. గీత కొట్టిన బొమ్మ అంటే చెడ్డదని నేనే నేర్పాను కదా, ఆ రోజునుంచి యాపిల్ ముక్కలు ముట్టుకోవడం మానేశారు. వాళ్ళ నాన్న వచ్చి, "ఏంటండీ, మీ స్కూల్లో యాపిల్‌కి ఏం రోగం వచ్చింది?" అని అడిగాడు.

సరే, పోస్టరు ఎలాగూ పనికిరాదు, నేనే నేర్పుదామని కూర్చున్నాను. బొమ్మలు తెచ్చాను, అట్టముక్కల మీద నాది, నీది అని గీశాను. పిచ్చుకని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతికి అరటిపండు ఇచ్చి, రేడియోని చూపించి చెప్పాను.

"పెట్టకు."

పిచ్చుక వెంటనే లేచి, అరటిపండు తీసుకెళ్ళి రేడియో నోట్లో పెట్టింది.

"కాదు పిచ్చుకా. పెట్టకు."

మళ్ళీ పెట్టింది. ఈసారి ఇంకా జాగ్రత్తగా, తొక్క వొలిచి మరీ పెట్టింది. "పెట్టకు! పెట్టకు!" అని రేడియో కూడా అరటిపండు నములుతూ అరుస్తున్నాడు.

మన భాష మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. పెట్టు, పెట్టకు. అంతా ఒకటే మాట, చివర ఒక చిన్న 'క' వచ్చి మొత్తం తలకిందులు చేస్తుంది. మాట చివరిదాకా వినే ఓపిక మామూలు పిల్లలకే ఉండదు. నా పిల్లలకి మాట మొదలు అందటమే గొప్ప. 'పెట్టొద్దు' అన్నా అంతే, 'పెట్టకూడదు' అన్నా అంతే. వాళ్ళకి వినబడేది 'పెట్టు' ఒక్కటే. ఇన్నాళ్ళూ ఆ మాటకే చప్పట్లు కొట్టాను మరి.

మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజున నాకు తల పగిలిపోతోంది. ఇన్‌స్పెక్షను దగ్గర పడిందని హెడ్‌మిస్ట్రెస్ గారు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళారు. పిచ్చుక తన డబ్బాలోంచి రొట్టెముక్క తీసి నా దగ్గరికొచ్చింది.

"నీకావాలా?"

"పెట్టకు అన్నానా!" అని అరిచి, ముక్క లాక్కుని చెత్తబుట్టలో పడేశాను.

నాకే తెలీకుండా జరిగిపోయింది. అరుపుకి రేడియో చెవులు మూసుకున్నాడు. పిచ్చుక ఏడవలేదు. చెత్తబుట్టలోకి చూసింది, నా చేతికేసి చూసింది, వెళ్ళి తన కుర్చీలో కూర్చుని డబ్బా మూత పెట్టేసింది.

ఆ మూత మళ్ళీ తెరుచుకోలేదు. పిచ్చుక స్కూల్లో తినడం మానేసింది. మాట్లాడటం కూడా మానేసింది. 'పో' అని కూడా అనడం లేదు. నేను అరిచిన ఐదో రోజున నాయనమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంది.

"ఇంట్లో కూడా తినట్లేదు టీచరమ్మా, కాసిని పాలు తాగి పడుకుంటోంది. నేను ఏదైనా నోటి దగ్గర పెడితే పెదాలు బిగబట్టి నావైపు అదోలా చూస్తోంది. నేనేం తప్పు చేశాను తల్లీ?"

"మీరు కాదమ్మా. నేను."

"నువ్వేం చేశావు? నీవల్లే కదా నాలుగు ముక్కలు మాట్లాడింది."

నన్ను తిట్టినా బాగుండేది. టైలరమ్మ మాటే నయం అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని అంతా మా ఆయనకి చెబుతున్నాను. ఆయన "ఊఁ, ఊఁ" అంటూనే నా కంచంలోంచి వేపుడు ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నారు.

"అడగాలని కూడా లేదా?" అన్నాను విసుగ్గా.

"పన్నెండేళ్ళ తర్వాత నీ కంచంలో చెయ్యి పెట్టడానికి పర్మిషనా?"

"అదే పక్కింటాయన కంచంలో పెడతారా?"

"పెడితే తన్నడూ!"

"మీ ఆఫీసరు కంచంలో?"

"ఉద్యోగం ఊడుతుంది." నవ్వారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు. "నిజమే, ఇదెవరూ మనకి చెప్పలేదు కదూ? ఎప్పుడు నేర్చుకున్నామో ఏమో."

నాకు అక్కడే తట్టింది. ఎవరికి పెట్టొచ్చు, ఎవరికి పెట్టకూడదు, ఎవరిని అడగాలి, ఎవరిని అక్కర్లేదు, ఇన్ని మడతలున్న సంగతిని నేను ఒక 'క' మీద నిలబెడుతున్నాను. వద్దు అనేది పిల్లలు చేసే పని కాదు. వాళ్ళ చేతులకి, కాళ్ళకి చేయడానికి ఏదో ఒక పని ఉండాలి. పెట్టే ముందు చేసే పని. అంతేకాదు, నేను పెట్టే పిల్లనే పట్టుకుని వేలాడుతున్నాను. తీసుకునే పిల్లాడికి ఏమీ నేర్పలేదు. వాడి గొంతు వాడిది కదా.

పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పాను. "పెట్టే ముందు డబ్బా పెద్దవాళ్ళ దగ్గరికి తెచ్చి 'చూడు' అనాలి. పెద్దవాళ్ళు చూసి సరే అంటేనే పెట్టాలి. డ్రైవరు ఎవరేమిచ్చినా చెయ్యి అడ్డం పెట్టాలి. ఇదే నేర్పుతాను."

"రూలు ఒక్కటే. ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టకూడదు. మధ్యలో ఈ 'అయితే గియితే'లు ఏమిటి?"

"ఆ రూలు ఈ గుమ్మం దాటితే ఎవరు పాటిస్తారు మేడమ్? బస్సులో? చుట్టాలింట్లో?"

"గుమ్మం దాటాక నా బాధ్యత కాదు."

ఆ మాటకి నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా దిగమింగుకుని, "సరే, అసలు తిండి వాడను. ప్లాస్టిక్ పళ్ళూ, ఖాళీ డబ్బాలే. ప్లాస్టిక్‌కి రూలు వర్తించదుగా?" అన్నాను. ఆవిడ విసుగ్గా చెయ్యి ఊపి నన్ను పంపేశారు.

ముందు పిచ్చుకని మళ్ళీ తిండివైపు తిప్పాలి. నేను నేల మీద కూర్చుని, నా డబ్బా తెరిచి, ఆయా దగ్గరికి తీసుకెళ్ళి "చూడు" అనేదాన్ని. ఆయా కట్టు కట్టిన చేత్తో డబ్బా పట్టుకుని, లోపలికి తొంగి చూసి, పెద్ద నాటకంలోలాగ "సరే!" అనేది. అప్పుడు తినేదాన్ని. పిచ్చుక దూరంనుంచి ఓరకంట చూసేది. ఆరు రోజులు ఇదే. ఏడో రోజున తన డబ్బా మూత తెరవకుండానే ఎత్తి ఆయా ముఖం ముందు పెట్టింది. మాట లేదు. ఆయా మూత తీసి చూసి "సరే!" అంది. పిచ్చుక అక్కడే నిలబడి, రొట్టె అంతా గబగబా తినేసింది. ఆయా నావైపు చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు. అవతల డ్రైవరు ఉన్నాడు.

ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్ళిన వారానికే డ్రైవరు బడికి వచ్చాడు. వెంట వాళ్ళమ్మ కూడా. క్లాసు బయట వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతికుట్టు పెట్టుకుని, పొద్దుటినుంచి బడి వదిలేదాకా కూర్చునేది. కిటికీలోంచి ఆవిడ చూపు నా వీపుకి గుచ్చుకుంటూనే ఉండేది. కాదనడానికి నాకు నోరెక్కడిది?

వాడికి సిగ్నల్ నేర్పాను. ఎవరైనా ఏదైనా ఇస్తే అరచెయ్యి ఎత్తి "రెడ్" అనాలి. బండి మాట కాబట్టి ఒక్క పూటలో పట్టేశాడు. ఆ పట్టడమే నా కొంప ముంచింది. వాళ్ళమ్మ ఇచ్చిన అన్నానికి రెడ్. మంచినీళ్ళకి రెడ్. జ్వరం మందుకి రెడ్. స్నానానికి కూడా రెడ్‌ట. "ఇంతకుముందు తిండి పెడితే చచ్చిపోతాడని భయం, ఇప్పుడు తిండి లేక చచ్చిపోతాడేమో!" అని టైలరమ్మ కిటికీలోంచి కేకేసింది. గ్రీను నేర్పడానికి మరో పదిహేను రోజులు పట్టింది. అమ్మ డబ్బా అయితే గ్రీను, టీచరు చూసి సరే అంటే గ్రీను, మిగతాదంతా రెడ్. ఒక రోజు పదింటికి తొమ్మిది సరిగ్గా చెప్పేవాడు. మర్నాడు పదికి రెండు. మంచి రోజు వచ్చిందని నేను అనుకోవడమే ఆలస్యం, మర్నాడు అంతా మళ్ళీ మొదటికి వచ్చేది. ఎన్నిసార్లు ఆ ప్లాస్టిక్ అరటిపండుని గోడకేసి కొట్టాలనిపించిందో లెక్కలేదు. ఒకసారి కొట్టాను కూడా, పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక. ఆయా తీసుకొచ్చి, తుడిచి, మళ్ళీ బుట్టలో పెట్టింది.

ఇలా రెండు నెలలు గడిచాక ఒక శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ గారు మా క్లాసుకి వచ్చారు. ఆవిడ కూతురు ఏదో పెద్ద పరీక్ష పాసైందట. చేతిలో చాక్లెట్ల డబ్బా, ముఖంలో ఎప్పుడూ చూడని వెలుగు. నేను ఓ మూల కవలల్లో ఒకడి బూటు లేసు ముడి విప్పుతున్నాను. ఆవిడ సరాసరి గుమ్మం పక్కనే ఉన్న డ్రైవరు దగ్గరికి వెళ్ళి ఒక చాక్లెట్టు అందించారు.

డ్రైవరు అరచెయ్యి ఎత్తాడు. "రెడ్."

"రెడ్ కలర్ కావాలా? అబ్బో, ఎంచుకోవడం కూడా వచ్చిందే!" అని ఆవిడ మురిసిపోయి, డబ్బాలో వెతికి ఎర్ర కాగితం చుట్టిన చాక్లెట్టు తీశారు.

"రెడ్! రెడ్!" రెండు చేతులూ ఎత్తాడు.

"ఇదిగో నాన్నా, రెడ్డే. ఆ అను." కాగితం విప్పేసి నోటి దగ్గర పెట్టేశారు.

"మేడమ్!" అని అరిచాననే అనుకున్నాను. ఎవరూ ఇటు తిరగలేదు. లేవబోతే కవలవాడు నా మెడ పట్టుకుని వేలాడుతున్నాడు. వాణ్ణి విడిపించుకుని నేను పరిగెత్తేలోపు, పిచ్చుక కుర్చీ తన్నుకుంటూ వచ్చి ఆవిడ మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"చూడు."

"చూశానమ్మా, నీకూ ఇస్తాను, ఆగు."

"చూడు!" అని క్లాసు దద్దరిల్లేలా అరిచింది పిచ్చుక. మూడు నెలల్లో దాని గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. అరుస్తూ ఆవిడ చేతిని బరబరా నావైపు లాక్కొచ్చింది. చాక్లెట్టు ఆవిడ వేళ్ళ మధ్యే కరుగుతోంది. నేను డబ్బా అందుకుని వెనక చీమల్లాంటి అక్షరాలు చదివాను. ఐదో వరసలో పల్లీలు.

బయట కుర్చీ పడిన చప్పుడు. టైలరమ్మ అప్పటికే లోపలికి వచ్చి కొడుకుని ఎత్తుకుంది. వాడు వాళ్ళమ్మ భుజం మీంచి కూడా అరచెయ్యి దించలేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారి ముఖం తెల్లగా పాలిపోయింది. "పెద్దవాళ్ళు ఇస్తే పరవాలేదనుకున్నాను," అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

"మీ పోస్టరులో ఉన్నవీ చిన్న చేతులే మేడమ్," అన్నాను. అనకుండా ఉండాల్సింది. కానీ రెండు నెలల విసుగు ఎక్కడో అక్కడ బయటికి రావాలి కదా.

ఆవిడ నా చేతిలోంచి చాక్లెట్ల డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. సోమవారం పొద్దున మందుల బీరువా కొత్త తాళంచెవి మా క్లాసు గోడకి మేకు కొట్టి తగిలించి ఉంది.

ఆ శుక్రవారం టైలరమ్మ నాకు దండం పెడుతుందని, కనీసం ఓ మంచి మాట అంటుందని ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. ఆవిడ కొడుకుని దించి, నావైపు తిరిగి, "ఇక్కడ సరే టీచర్. వాళ్ళ మేనత్త ఇంట్లో ఎవరు నేర్పుతారు? ఆవిడకి నేను చెప్పలేక చస్తున్నాను," అంది.

ఒక్క రోజు కూడా సంతోషంగా ఉండనివ్వరు కదా అనిపించింది. కానీ ఆవిడ అడిగింది న్యాయమే. గుమ్మం దాటాక బాధ్యత కాదనడం నాకు చేతకాలేదు.

తర్వాతి వారం శనివారం మధ్యాహ్నం పిల్లల ఇళ్ళలోని పెద్దవాళ్ళని పిలిచాను. తొమ్మిదిమంది వచ్చారు, పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. తలా ఒక బిస్కెట్టు పొట్లం ఇచ్చి, "పక్కవాళ్ళకి పెట్టండి" అన్నాను. అందరూ టకటకా చించి పెట్టేశారు. ఒక్కరూ ఆగలేదు, ఒక్కరూ అడగలేదు. కవలల నాన్న అయితే నాకూ ఒకటి ఇచ్చాడు.

"మీ పిల్లలు ఆగుతున్నారు. మీరే ఆగట్లేదు," అన్నాను.

డ్రైవరు మేనత్త మూతి తిప్పింది. "ఇదంతా అతి. రోజూ వాడి చేత కాస్త కాస్త పల్లీ పొడి నాకిస్తే అదే అలవాటవుతుంది. మా కాలంలో ఈ పడకపోవడాలు ఎక్కడివి?"

"వదినా, వాడి పెదాలు నల్లబడటం నువ్వు చూశావా?" టైలరమ్మ లేచి నిలబడింది. "నేను చూశాను. ఇంకోసారి నాకించే మాట ఎత్తావంటే నీ గడప తొక్కను."

మేనత్త పొట్లం కుర్చీలో పడేసి వెళ్ళిపోయింది. నాకు ఇక అందరినీ పొమ్మని తలుపు వేసుకోవాలనిపించింది.

అప్పుడు మూలనుంచి పిచ్చుక నాయనమ్మ గొంతు వినబడింది. చేతిలో పొట్లాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకుంటోంది.

"నా కళ్ళకి ఈ అక్షరాలు ఆనట్లేదు. ఆ రోజు పొట్లం కొన్నది కూడా నేనే. ఎవరికి చూపించాలమ్మా నేను?"

టైలరమ్మ తలెత్తి ఆవిడకేసి చూసింది. మూడు నెలలుగా ఆ ముసలావిడ ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్ళిన మనిషి. తర్వాత తన చిన్న కుర్చీని కాలితో జరుపుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. పొట్లం తీసుకుని, వేలు పెట్టి, పైనుంచి ఒక్కొక్క మాటా చదివింది. గోధుమపిండి. చక్కెర. నూనె. ఉప్పు.

"పల్లీ లేదు. పెట్టొచ్చు," అంది.

"గట్టిగా చూశావా?"

"చూశాను పెద్దమ్మా."

ఆ తర్వాత శనివారానికి ఐదుగురే వచ్చారు. వాళ్ళలో ముగ్గురు ఆగారు, ఇద్దరు ఆగలేదు. మేనత్తని వచ్చే వారానికి ఎలాగైనా తీసుకొస్తానని టైలరమ్మ అంటోంది. నాకు నమ్మకం లేదు. ఆవిడ కుర్చీ మాత్రం లెక్కలో వేసి ఉంచాను.